దించిన తీగలు

గిటార్ నేర్చుకునే కుర్రాళ్ళు ఈమధ్య నా దగ్గరికి ఫోన్ పట్టుకుని వస్తున్నారు. అందులో ఒక యాప్. ఆరు తీగలూ ఏ శ్రుతిలో ఉన్నాయో చెబితే చాలు, ఫలానా కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల పొత్తు, ఎక్కడెక్కడ పట్టొచ్చో బొమ్మలు గీసి చూపిస్తుంది, పేజీలకి పేజీలు. "సార్, ఓపెన్ జి ట్యూనింగులో జి మేజర్‌కి ఇన్ని షేపులున్నాయి, ఏది నేర్చుకోమంటారు?" అని అడుగుతారు. ఒక్కటీ వద్దు నాయనా, ఎడమ చెయ్యి తగలకుండానే జి మోగాలనే కదా ఆ ట్యూనింగు పుట్టింది అంటాను. నమ్మరు. బొమ్మలు ఎన్ని ఎక్కువుంటే విద్య అంత ఎక్కువ అని వాళ్ళ లెక్క. తీగలు దించి వాయించిన వాళ్ళ చరిత్ర చూస్తే లెక్క సరిగ్గా తిరగబడుతుంది. షేపులు తగ్గించుకోవడానికే వాళ్ళు తీగలు దించారు.

మామూలు ట్యూనింగు ఎందుకలా ఉందో ముందు చూడాలి. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ. తీగకీ తీగకీ మధ్య దూరం షడ్జమానికీ శుద్ధ మధ్యమానికీ ఉన్నంత, అంటే ఐదు ఫ్రెట్లు (మెట్లు). ఒక్క జికీ బికీ మధ్య మాత్రం అంతర గాంధారమంత, నాలుగు ఫ్రెట్లు. ఆ ఒక్కచోట ఎందుకు తగ్గించారంటే, అన్నీ ఐదేసి పెట్టుకుంటూ పోతే చివరి తీగ ఎఫ్ దగ్గర తేలుతుంది. లావు ఇకీ దానికీ అర స్వరం తేడాలో పొత్తు కుదరదు. వేలు అడ్డంగా పరిచి ఆరు తీగలూ ఒకేసారి మోగిద్దామంటే చెవులు మూసుకోవాల్సిందే. కాబట్టి మామూలు ట్యూనింగనేది ఒక రాజీ. అన్ని శ్రుతుల్లోనూ ఎంతో కొంత వాయించుకోవచ్చు, ఏ శ్రుతిలోనూ చెయ్యి పూర్తిగా సుఖపడదు.

ఆ రాజీకి షేపుల బొమ్మలు గీయడం కూడా కొత్తేం కాదు. ఇటలీలో గిటార్‌కి ఐదు జతల తీగలున్న రోజుల్లో, 1606లో, జిరోలమో మాంటెసార్డో అనే ఆయన ఫ్లోరెన్సులో ఒక పుస్తకం అచ్చు వేశాడు. కార్డుకొక అక్షరం ఇచ్చేశాడు. ఆ పద్ధతిని అల్ఫబెటో అన్నారు. దాన్లో 'ఎ' అని రాసుంటే ఎ కార్డు కాదు, జి మేజర్ పట్టు. 'బి' అంటే సి మేజర్. అక్షరానికి స్వరంతో చుట్టరికం లేదు, అది చేతికి పెట్టిన పేరు. సంగీతం చదవడం రాని దొరబిడ్డలు కూడా ఆ అక్షరాలు చూసుకుని పాటలకి తోడు వాయించుకున్నారు. ఈనాటి యాప్‌కి నాలుగొందల ఏళ్ళ కిందటి తాత అన్నమాట.

అదే శతాబ్దంలో ఫ్రాన్సులో లూట్ అనే తీగవాద్యం వాయించేవాళ్ళు పాత శ్రుతి విసుగెత్తి రకరకాల కొత్త శ్రుతులు ప్రయత్నించారు. సాల్జ్‌బర్గ్‌లో హైన్రిక్ బీబర్ 1676 ప్రాంతంలో వయొలిన్ కోసం పదహారు రచనలు చేసి, మొదటిదీ చివరిదీ తప్ప మిగతా పద్నాలుగింటికీ తీగల శ్రుతి మార్చేశాడు. ఒకదాంట్లో మధ్య తీగలు రెంటినీ ఒకదాని మీదుగా ఒకటి దాటించి స్థానాలే మార్చమన్నాడు. ఆయన ప్రతి చూసి మామూలు వయొలిన్ మీద వాయిస్తే అపస్వరాల జాతరే. ఎందుకంటే కాగితం మీద ఉన్నది మోగే స్వరం కాదు, వేలు పెట్టాల్సిన చోటు. తీగ మారినా వాయించేవాడి అలవాటు మారనక్కర్లేదన్న ఈ ఆలోచన చిన్నది కాదు. మూడొందల ఏళ్ళ తర్వాత కెనడా నుంచి వచ్చిన ఒకావిడ చేతిలో ఇది మళ్ళీ కనిపిస్తుంది.

ఇక గిటార్ సొంత కథకొస్తే, ఓపెన్ ట్యూనింగుల పేర్లు అమెరికాలో ఒక ఇంగ్లీషాయన దగ్గర మొదలవుతాయి. హెన్రీ వొరాల్ లివర్‌పూల్‌లో పుట్టాడు, సిన్సినాటిలో గిటార్ నేర్పాడు, చివరికి కాన్సాస్ చేరాడు. బొమ్మలు కూడా గీసేవాడు. కాన్సాస్ కరువు ప్రాంతమన్న వాళ్ళని వెక్కిరిస్తూ కొండంత పుచ్చకాయలున్న చిత్రం గీసి పేరు తెచ్చుకున్నాడు. 1860 ప్రాంతంలో ఆయన పేరుతో వచ్చిన రెండు గిటార్ రచనలు ఇళ్ళ ముందుగదుల్లో వాయించుకునే ఆడపిల్లలందరికీ పాఠాలైపోయాయి. ఒకటి స్పానిష్ ఫాండాంగో. దానికి తీగలు డి, జి, డి, జి, బి, డిగా పెట్టుకోవాలి. రెండోది సెబాస్టపోల్, దానికి ఓపెన్ డి. క్రిమియా యుద్ధంలో ఆ ఊరి ముట్టడి ముగిసి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. సైనిక వాద్యాల్ని అనుకరించే రచన అది.

తర్వాత జరిగింది చూడండి. గిటార్లు చౌకయ్యాయి, పోస్టులో తెప్పించుకోగలిగినంత. ఆ పాటలు ముందుగదుల్లోంచి వంటగదుల్లోకి, అక్కణ్ణుంచి దక్షిణాది పత్తి చేల పక్క గుడిసెల్లోకి పోయాయి. కాగితం వెంటపోలేదు, చెయ్యి మాత్రమే పోయింది. నల్లవాళ్ళ బ్లూస్‌లో ఓపెన్ జికి పేరు 'స్పానిష్'. ఓపెన్ డికి పేరు 'వెస్టపోల్'. ఆ క్రిమియా రేవుపట్నం పేరు మిసిసిపీ పల్లెల్లో అలా అరిగిపోయి శ్రుతి పేరుగా మిగిలింది. వాయించేవాళ్ళలో చాలామందికి ఆ ఊరూ తెలీదు, ఆ యుద్ధమూ తెలీదు.

ఎలిజబెత్ కాటెన్ అనే ఆవిడ గురించి ఇక్కడ చెప్పకుండా దాటలేను. నార్త్ కరోలినాలో పుట్టింది, ఎడమచేతి వాటం. ఇంట్లో ఉన్నది కుడిచేతి వాయిద్యం. తీగలు మార్చి కట్టుకోలేదు, వాయిద్యాన్నే తిరగేసి పట్టుకుంది. దాంతో బొటనవేలికి సన్న తీగలూ, చూపుడువేలికి లావు తీగలూ వచ్చాయి. ప్రపంచంలో ఏ పుస్తకంలోని షేపూ ఆవిడకి పనికిరాదు. ముసలితనంలో జానపద గాయకుడు పీట్ సీగర్ తండ్రిగారింట్లో పనిమనిషిగా ఉండగా గోడకున్న గిటార్ తీసి వాయిస్తే ఆ సంగీత కుటుంబం నిర్ఘాంతపోయింది. 1958లో వచ్చిన ఆవిడ రికార్డులో వొరాల్ రచనలు రెండూ వారసత్వంగా ఉన్నాయి, 'వాస్టపోల్', 'స్పానిష్ ఫ్లాంగ్ డాంగ్' అన్న పేర్లతో. అచ్చయిన నోటేషన్ వందేళ్ళు చేతి నుంచి చేతికి ప్రయాణిస్తే ఏమవుతుందో తెలియాలంటే ఆ రెండూ వినాలి.

అదే డి, జి, డి, జి, బి, డి శ్రుతి పసిఫిక్ సముద్రం మధ్యలో ఇంకో పేరుతో ఉంది. హవాయిలో దాన్ని చేమ మడి ట్యూనింగు అంటారు. చేమదుంప వాళ్ళ అన్నం. 1793లో కెప్టెన్ వాంకూవర్ అక్కడి రాజుకి పశువుల్ని కానుకగా ఇచ్చాడు. వాటిని చంపకూడదని ఆంక్ష పెట్టారు. మందలు పెరిగి పంటల మీద పడ్డాయి. 1830లలో మెక్సికన్ కాలిఫోర్నియా నుంచి గుర్రపు కాపరుల్ని పిలిపించారు. వాళ్ళు పశువుల్ని అదుపు చేశారు, రాత్రుళ్ళు గిటార్ వాయించారు, వెళ్ళేటప్పుడు కొన్ని గిటార్లు వదిలి వెళ్ళారు. వాటిని అందుకున్న హవాయి వాళ్ళకి అంతకుముందే సొంత పాట ఉంది, చర్చి పాటల దగ్గర పట్టుకున్న స్వరాల పొత్తూ ఉంది. తీగలు సడలించి ఆ పాటకి సరిపడా పెట్టుకున్నారు. అలా పుట్టిన వాదనం పేరు కీ హోఅలూ, అంటే సడలించిన బిరడా.

నా పెంపకం వీణ ఉన్న ఇంట్లో. మా అమ్మ వాయించేది. అందుకని ఈ ట్యూనింగుని నేను ఇంగ్లీషు అక్షరాల్లో చూడలేను. జిని షడ్జమం అనుకుంటే లావు తీగ నుంచి అది ప, స, ప, స, గ, ప. వీణ మీద వాయించే నాలుగు తీగలూ సారణి నుంచి అనుమంద్రం దాకా స, ప, స, ప. పక్కన తాళం తీగలు మూడూ మళ్ళీ షడ్జమ పంచమాలే. హవాయి వాళ్ళు కలిపిందల్లా ఒక్క గాంధారం. వీణ మీద ఎడమ చేతికి కార్డు షేపు అనే బాధే లేదు. పాట సారణి మీద నడుస్తుంటే మిగతా తీగలు శ్రుతికి కాపలా కాస్తాయి. సడలించిన గిటార్‌లో కూడా అంతే. బొటనవేలు లావు తీగల మీద ప, స అంటూ నడుస్తుంది, పాట సన్న తీగల మీద. ఒకే మనిషి, ఒకే వాయిద్యం, తోడెవరూ అక్కర్లేదు.

షేపుల సంగతి ఇప్పుడు దగ్గరగా చూద్దాం. మామూలు ట్యూనింగు నుంచి ఓపెన్ జికి రావాలంటే, సన్న తీగని ఒకటోదిగా లెక్కపెట్టి, ఒకటో తీగ, ఐదో తీగ, ఆరో తీగ రెండేసి ఫ్రెట్ల మేర దించాలి. లెక్క ప్రకారం, దించిన తీగ మీద పాత స్వరమే కావాలంటే వేలు రెండు ఫ్రెట్లు పైకి జరగాలి. యాప్ చేసేది ఇదే కూడిక. మామూలు జి పట్టులో వేళ్ళు ఆరో తీగ మూడో ఫ్రెట్టు, ఐదో తీగ రెండో ఫ్రెట్టు, ఒకటో తీగ మూడో ఫ్రెట్టు మీద ఉంటాయి. కూడిక వేస్తే ఐదు, నాలుగు, ఐదు అవుతుంది. తప్పు కాదు, మోగుతుంది. కానీ వేళ్ళన్నీ తీసేస్తే కూడా జి మోగుతుంటే ఈ సర్కసెందుకు? సి మేజర్ ఇంకా ఘోరం. మామూలు పట్టులో ఐదో తీగ మూడో ఫ్రెట్టు, కూడితే ఐదో ఫ్రెట్టు, అటు చూపుడువేలేమో రెండో తీగ మొదటి ఫ్రెట్టు మీద. మధ్యలో అరచెయ్యి చీలిపోవాలి.

చేత్తో వెతుక్కున్నవాడు ఇలా వెతకడు. ఐదో తీగనీ మూడో తీగనీ అలాగే వదిలేస్తాడు, రెండూ జియే, సి కార్డులో జి ఎలాగూ ఉంది. రెండో తీగ మొదటి ఫ్రెట్టు, నాలుగో తీగ రెండో ఫ్రెట్టు, ఒకటో తీగ రెండో ఫ్రెట్టు నొక్కుతాడు. సి మేజర్ వచ్చేసింది, చెయ్యి ముడుచుకుని హాయిగా ఉంది. డి సెవెన్త్ కావాలా? మూడో తీగ రెండో ఫ్రెట్టు, రెండో తీగ మొదటి ఫ్రెట్టు. రెండే వేళ్ళు. అందులో డికి గాంధారం అయిన ఎఫ్ షార్ప్ లేదు కదా అని వ్యాకరణం తెలిసినవాడు అడుగుతాడు. లేదు. పాట అడిగితే గొంతు ఆ స్వరం పాడుతుంది. ఈ మూడు పట్లతో హవాయి పాటలు కొన్ని వందలు వాయించుకోవచ్చు.

హవాయి వాళ్ళు ఇంకో అందమైన పని చేశారు. మూడో తీగని జి నుంచి అర స్వరం దించి ఎఫ్ షార్ప్ చేశారు. ఇలా నిషాదం ఉన్న శ్రుతుల్ని వాహినే అంటారు, ఆడవాళ్ళవని అర్థం. ఇప్పుడు తీగల వరస ప, స, ప, ని, గ, ప. వేళ్ళు పెట్టకుండా మీటితే నిషాదం వేలాడుతూ ఉంటుంది. మీటిన మరుక్షణం మూడో తీగ మొదటి ఫ్రెట్టు మీద వేలితో తట్టితే నిషాదం షడ్జమంలోకి జారి కూర్చుంటుంది. సంగీతం నేర్చుకున్న తెలుగువాడికి ఆ జారుడు ఎంత ఇంపో చెప్పక్కర్లేదు. ఏ చార్టు చూసినా ఇది 'జి మేజర్ సెవెన్త్, తర్వాత జి మేజర్' అని రెండు బొమ్మలుగా ఉంటుంది. రెండు బొమ్మల మధ్య ఉన్న ఆ కదలికే అసలు వస్తువు.

ఈ శ్రుతులు చాలాకాలం ఇంటిగుట్టు. ఒక్కో కుటుంబానికి ఒక్కోటి. గిటార్ కింద పెట్టేముందు తీగలు పూర్తిగా సడలించి పెట్టేవారు, పక్కవాడు మీటి కనిపెట్టకుండా. మన దగ్గర విద్వాంసులు కొందరు కృతిలో చివరి సంగతులు సొంత కొడుక్కి తప్ప చెప్పేవారు కారట, అలాంటిదే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక గాబీ పహినుయ్ రికార్డులిచ్చాడు, 1970లలో పాఠ్యపుస్తకాలు వచ్చాయి, గుట్టు బయటపడింది. నా మటుకు అది మంచికే జరిగింది. దాచిపెట్టినవాళ్ళతోపాటు ఎన్ని శ్రుతులు మట్టిలో కలిసిపోయాయో.

హవాయిలోనే జోసెఫ్ కెకుకు గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టి ఇనప కడ్డీతో తీగల మీద జార్చడం మొదలుపెట్టాడు. అక్కడ షేపుల ప్రశ్న ఒక్క దెబ్బతో తీరిపోయింది. కడ్డీ తిన్నగా ఉంటుంది, వేలులా వంగదు. కాబట్టి తీగలే కార్డుగా ఉండి తీరాలి. 1915 శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శన తర్వాత ఆ నాదం ప్రపంచమంతా పాకింది. టౌ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో తిరిగి తిరిగి 1940లలో కలకత్తాలో ఉన్నాడు. బెంగాలీ ఇళ్ళలో హార్మోనియం పక్కన హవాయిన్ గిటార్ చేరింది. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద రాగం ఆలపించి, 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' చేశాడు. దాంతో కార్డే పోయింది, మళ్ళీ షడ్జమ పంచమాలు మిగిలాయి.

ఇంగ్లండులో డేవీ గ్రాహం 1960ల మొదట్లో మొరాకో వెళ్ళి ఊద్ అనే తీగవాద్యం వాయించేవాళ్ళతో కలిసి వాయించాడు. ఆ సంగీతానికి మేజరూ మైనరూ అక్కర్లేదు. ఆయన పెట్టుకున్నది డి, ఎ, డి, జి, ఎ, డి. మన లెక్కలో స, ప, స, మ, ప, స. గాంధారమే లేదు! కాబట్టి ఏ గాంధారం వాయిస్తే ఆ రాగమే. శంకరాభరణమా, ఖరహరప్రియా అన్నది వేలు తేలుస్తుంది, తీగ కాదు. నన్నడిగితే పాశ్చాత్యులు కనిపెట్టిన ట్యూనింగుల్లో మన చెవికి ఇంతకంటే దగ్గరిది లేదు. దీంట్లో డి పట్టు ఒకే వేలు. మూడో తీగ రెండో ఫ్రెట్టు నొక్కితే మధ్యమం పంచమం అవుతుంది, అంతా స, ప. అల్జీరియాలో పుట్టిన ఫ్రెంచి కళాకారుడు పియేర్ బెన్సుసాన్ 1978 నుంచీ ఈ ఒక్క శ్రుతిలోనే వాయిస్తున్నాడు. ఒక్క శ్రుతికి ఒక జీవితం ఇచ్చాడు.

గాయని జోనీ మిచెల్ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. కెనడా పిల్ల, తొమ్మిదో ఏట పోలియో వచ్చింది. ఎడమ చేతిలో బలం తగ్గింది, మామూలు ట్యూనింగులో కష్టమైన పట్లు పట్టలేకపోయింది. అందుకని తీగల్నే తన చేతికి తగ్గట్టు తిప్పుకుంది. యాభై పైచిలుకు ట్యూనింగులు! అన్నిట్లో కొత్త షేపులు వెతుక్కుంటే ఏ జ్ఞాపకం సరిపోతుంది? ఆవిడ వాటిని అక్షరాలుగా కాక అంకెలుగా రాసుకుంది. మొదట ఆరో తీగ స్వరం, తర్వాత ప్రతి తీగనీ ఏ ఫ్రెట్టు దగ్గర నొక్కితే పక్క తీగ స్వరం వస్తుందో ఆ అంకె. మామూలు ట్యూనింగు ఇ 55545. ఓపెన్ డి అయితే డి 75435. అంకెలు అవే ఉండి మొదటి అక్షరం మారితే షేపులన్నీ అవే పనిచేస్తాయి, పాట శ్రుతి మాత్రం మారుతుంది. అంకె మారితే అదే పట్టు ఇంకో కార్డు అవుతుంది, పేరు పెట్టడానికి వ్యాకరణం తడుముకునే కార్డు. అంటే పాత కార్డుకి కొత్త షేపు వెతకడం కాదు, పాత షేపుని కొత్త శ్రుతి మీద పెట్టి ఏం పలుకుతుందో వినడం. బీబర్ చేసిన పనే. ఆవిడ గిటార్లు చూసుకునే జోయెల్ బెర్న్‌స్టీన్ ఆ శ్రుతులన్నీ రాసిపెట్టుకుని, ఆవిడ పాత పాటల పట్లు ఆవిడకే గుర్తుచేయాల్సి వచ్చేది. కచేరీలో పాటకీ పాటకీ మధ్య తీగలు తిప్పలేక విసిగి, 1990ల నడుమ రోలండ్ కంపెనీ వి.జి.-8 అనే ఎలక్ట్రానిక్ పరికరం దొరికాకే ఊపిరి పీల్చుకుంది. తీగ కదలకుండా శ్రుతి మారుస్తుంది అది.

మన గోదావరి జిల్లా కథ ఒకటుంది ఇందులోకి. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌కి మాండలిన్ వచ్చు, గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. ఆ పాఠాల్లో వేలు ఎక్కడ పెట్టాలో చెప్పడం లేదు, బొమ్మ లేదు, పుస్తకం లేదు. జంట తీగల మీద గమకం లాగడం కుదరదని ఒంటి తీగలు కట్టి, ఐదో తీగ చేర్చుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళు. పాట ముందు, వేలు తర్వాత, వాయిద్యాన్ని మార్చుకోవడం ఆ తర్వాత. నేను చెప్పుకొచ్చిన హవాయి వాళ్ళూ, కాటెనూ, మిచెలూ అందరూ ఇదే వరసలో వచ్చారు.

కాబట్టి ఇది చదివాక తీగలు తిప్పాలనిపించిన వాళ్ళకి రెండు ముక్కలు. ఎప్పుడూ దించే శ్రుతులతోనే మొదలుపెట్టండి. ఓపెన్ ఇ అనీ ఓపెన్ ఎ అనీ పైకి బిగించేవి ఉంటాయి, వాటి జోలికి పోతే తీగ తెగొచ్చు, పాత గిటార్ అయితే బ్రిడ్జి లేచిపోవచ్చు. ఓపెన్ జి పెట్టుకుని, యాప్ కట్టేసి, మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి ఒక్క తీగ మీద వెతుక్కోండి. పాట కుదిరాక మూడు పట్లు చాలు. నాలుగోది అవసరమైతే పాటే అడుగుతుంది.